నలభై ఒక్క సెకన్ల వీడ్కోలు

"ఇంక నావల్ల కాదమ్మా... అలిసిపోయాను... ఎవరి తప్పూ లేదు... నువ్వు జాగ్రత్త... నేను వెళ్తున్నా."

అంతే. స్పీకర్లలో ఏసీ రొద కాసేపు వినిపించి, అదీ ఆగిపోయింది. నేను చేతి గడియారం చూసుకున్నాను. నలభై ఒక్క సెకన్లు. పొద్దున్నుంచి ఇది ఏడోసారి. చచ్చిపోబోయే మనిషి ఇంత పొదుపుగా మాట్లాడతాడా అని మొదటిసారి విన్నప్పుడే నాకు ఒళ్లు మండింది. మా ఆయన పాలపాకెట్ తెమ్మని చెప్పడానికే ఇంతకంటే ఎక్కువసేపు తీసుకుంటాడు.

మేం రికార్డింగు స్టూడియోలో, చనిపోయినాయన గదిలో ఉన్నాం. పక్క కుర్చీలో ఆయన కూతురు కూర్చుని ఉంది. బడిలో లెక్కల టీచరు. నిన్న సాయంత్రం నా ఆఫీసుకొచ్చి, మంచినీళ్లు కూడా ముట్టకుండా ఒకే ఒక్క మాట అడిగింది. "మా నాన్న నావల్ల చచ్చిపోయాడా, కాదా? ఇంకేం అక్కర్లేదు మేడమ్. అదొక్కటి కనుక్కుని చెప్పండి." ఇరవై ఆరేళ్లుగా డిటెక్టివ్ పని చేస్తున్నాను. మొగుణ్ణి వెంటాడమన్నవాళ్లున్నారు, పోయిన కుక్కని వెతకమన్నవాళ్లున్నారు. ఇలాంటి ప్రశ్న పట్టుకుని ఎవరూ రాలేదు.

ఆ పిల్ల బాధకి కారణం ఉంది. తండ్రిని స్టూడియోవాళ్లంతా పెట్టె మాస్టారు అనేవాళ్లు. పెట్టె అంటే కంప్రెసర్. పాడేవాడు గొంతెత్తి అరిస్తే ఆ శబ్దాన్ని నొక్కుతుంది, గొణిగితే పైకి తెస్తుంది. వినేవాళ్లకి అన్నీ సమంగా వినపడతాయి. ఇప్పుడు ఆ పని కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ చేసేస్తోంది. ఈయన మాత్రం నలభై ఏళ్ల కిందట తన చేత్తో కట్టుకున్న ఇనప పెట్టెనే నమ్ముకున్నాడు. లోపల గాజు వాల్వులు, ముందు ఒక ముల్లు, ఆరు మీటలు. అల్లుడిది కూడా ఇదే వృత్తి, కాకపోతే సాఫ్ట్‌వేర్ మనిషి. పెట్టె విప్పి కొలతలు తీసుకుంటానని అల్లుడు, ముట్టుకుంటే ఊరుకోనని మామ, ఏడాదిగా ఇదే గొడవ. సోమవారం సాయంత్రం మధ్యలో నలిగి నలిగి విసిగిపోయిన కూతురు నోరు జారింది. "ఆ పెట్టె పట్టుకునే చావండి నాన్నా!" అనేసి ఫోన్ పెట్టేసింది.

మంగళవారం పొద్దున ఆయన సరిగ్గా అలాగే చచ్చిపోయాడు. పెట్టె మూత తీసి ఉంది, కుడి చేతి వేళ్లు అందులో తగిలి కాలి ఉన్నాయి, ఆయన దాని పక్కనే నేల మీద పడి ఉన్నాడు.

"మళ్లీ పెట్టమంటారా మేడమ్?" అంది ఆ అమ్మాయి. గొంతులో తడి కూడా లేదు. ఏడ్చి ఏడ్చి ఎండిపోయినట్టుంది.

"వద్దు తల్లీ. కాస్త చెవులకి విశ్రాంతి ఇద్దాం."

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. ఒకప్పుడు నేను స్టేషన్లో టైపిస్టుని, ఇతను కొత్త కానిస్టేబులు. అతని రిపోర్టులన్నీ నేనే సరిచేసి టైపు చేసేదాన్ని. ఆ సంగతి అతను మర్చిపోవాలనుకుంటాడు, నేను మర్చిపోనివ్వను.

"ఏం అక్కగారూ, ఇంకా వింటూనే ఉన్నారా? పాటనుకున్నారేమో!"

"పాటైతే తాళం తప్పిందని ఎప్పుడో చెప్పేసేదాన్ని."

"నాలుగింటికి ఫైలు మూసేస్తున్నా. అందాకా మీ ఇష్టం." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడండి. పది పద్దెనిమిదికి కొట్టిన బస్సు టికెట్టు ఆయన జేబులో దొరికింది. పదిన్నరకి ఇక్కడికొచ్చాడు. ఆ పెట్టె వేడెక్కడానికి అరగంట. పదకొండు పదికి ఈ రికార్డింగు, కంప్యూటర్లో టైము ఉంది. పదకొండున్నరకి అల్లుడొచ్చి చూసేసరికి పడిపోయున్నాడు. పదకొండు ముప్పై రెండుకి అంబులెన్సుకి ఫోన్ చేశాడు. పదకొండుకీ పదకొండున్నరకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు. నలభై ఏళ్లు ఆ పెట్టెతో కాపురం చేసిన మనిషి, లోపల చెయ్యి పెడితే ఏమవుతుందో తెలియక పెట్టాడంటారా? ఇందులో మీకు అర్థంకానిదేంటి?"

"ఇంత తొందరగా నీకెలా అర్థమైపోయిందా అన్నదే నాకు అర్థం కావట్లేదు."

"కన్నకూతురు అనరాని మాట అంది. పెద్ద ప్రాణం, తట్టుకోలేకపోయాడు. పాపం, ఎవర్ని అని ఏం లాభం?"

ఆ అమ్మాయి తల వంచుకుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పోలీసు ఉద్యోగానికి చదువు పరీక్ష పెడతారు, పరుగు పరీక్ష పెడతారు, ఎవరి ముందు ఏం మాట్లాడాలో తెలుసా అని మాత్రం ఎవడూ పరీక్ష పెట్టడు.

"తమ్ముడూ, నోటికి తాళం వేసుకుని ఆ మూల కూర్చో. నాలుగు దాకా టైమిచ్చావు కదా, ఇంకా నాలుగు గంటలుంది" అని లేచాను.

ముందు పెట్టెని చూశాను. ఇప్పుడు ప్లగ్గు పీకేసి ఉంది కాబట్టి భయం లేదు. మూతకి ఎనిమిది కన్నాలున్నాయి. మాస్టారు విప్పిన మరల్ని పక్కనే ఒక డబ్బా మూతలో పోసిపెట్టాడు. లెక్కపెట్టాను. నాలుగు. వంగి నేలంతా వెతికాను, బల్ల కింద వేళ్లు పెట్టి తడిమాను. నాలుగే.

పెట్టె పక్కన అట్టకార్డుల కట్ట వేలాడుతోంది. "ఇదేంటమ్మా?" అన్నాను.

"పెట్టెకి జ్ఞాపకం ఉండదు మేడమ్. మీట ఎవరైనా కదిలిస్తే నిన్న ఎక్కడుందో చెప్పదు. అందుకని నాన్న రోజూ రాసుకునేవారు. ఎన్నింటికి వేశారు, ఏ మీట ఎక్కడుంది, ఎన్నింటికి ఆపారు. రాయకుండా స్విచ్ వేసేవారు కాదు."

సోమవారం కార్డు నిండుగా ఉంది. ఆపిన టైము సాయంత్రం ఆరూ ఐదు. మంగళవారం కార్డు మీద తేదీ కూడా లేదు.

"చావబోయేవాడు కార్డు రాస్తాడా అక్కగారూ?" అన్నాడు మూలనుంచి ఇన్‌స్పెక్టరు. అతనన్నదీ నిజమే.

అద్దం అవతలిది రికార్డింగు గది. బరువైన తలుపు, చుట్టూ గాలి కూడా దూరకుండా రబ్బరు పట్టీ. తలుపు అంచున ఒకచోట ఆ రబ్బరు నొక్కుకుపోయి ఉంది. నా చూపుడువేలు పెట్టి చూశాను. వైరు మందాన గాడి. లోపల ఎక్కడా ప్లగ్‌పాయింటు కనిపించలేదు. కరెంటు రొద మైకులోకి వస్తుందని ఆ గదిలో పెట్టించలేదట. మైకు నా ఛాతీ ఎత్తున ఉంది.

"మీ నాన్న ఎంత పొడుగమ్మా?"

"ఆరడుగుల పైనే."

"కూర్చుని మాట్లాడేవాడా మైకులో?"

"ఎప్పుడూ నిలబడే. కూర్చుంటే ఊపిరి చాలదనేవారు."

మైకు ముందు తివాచీ మీద నాలుగు చిన్న గుంటలున్నాయి. స్టూలు కాళ్లవి. మనిషి కూర్చుంటే మోకాళ్లు మైకు స్టాండుకి తగిలేంత దగ్గర. మనిషి కాక ఇంకేదో ఆ స్టూలు మీద కూర్చుంది. నోట్‌బుక్కులో రాసుకుని వసారా చివరి గదికి నడిచాను. అది అల్లుడి గది.

అతనికి ముప్పై అయిదుంటాయి. మూడు రోజుల గడ్డం, కళ్ల కింద నల్లటి చారలు. నన్ను చూసి లేచి కుర్చీ చూపించాడు. మర్యాదస్తుడే.

"నాయనా, ఫ్రిజ్‌కీ బట్టల మెషీన్‌కీ తేడా తెలుసు, అంతవరకే నా చదువు. మీ మామగారి పెట్టెకీ, నీ సాఫ్ట్‌వేర్‌కీ తేడా ఏంటో మందబుద్ధి శిష్యురాలికి చెప్పినట్టు చెప్పు."

అతను నీరసంగా నవ్వాడు. ఇష్టమైన సంగతి అడిగితే ఎంత దుఃఖంలో ఉన్నవాడైనా నోరు విప్పుతాడు.

"చేసే పని ఒకటే మేడమ్. మామయ్యగారి పెట్టె రికార్డు చేసేటప్పుడే నొక్కేస్తుంది. మైకులోంచి పెట్టెలోకి, పెట్టెలోంచి కంప్యూటర్లోకి. ఒకసారి నొక్కేస్తే అంతే, వెనక్కి రాదు. సాఫ్ట్‌వేర్ అలా కాదు. అసలు గొంతు కింద అలాగే ఉంటుంది, పైన తొడుగేస్తాం. నచ్చకపోతే తొడుగు తీసేస్తాం."

"మరి హాయిగా తీసేసుకునేది ఉండగా ఆయనెందుకు పెట్టె పట్టుకుని వేలాడాడు?"

"తర్వాత దిద్దుకోవచ్చులే అనుకునేవాడు ఇప్పుడు సరిగా వినడు, అనేవారు." మౌసు అటూ ఇటూ జరిపాడు. "ఆయనకి ఆ పట్టుదల."

"ఇంకేమైనా తేడా ఉందా?"

"ఉంది. పెట్టె ఎప్పుడూ శబ్దం వెనకాలే పరిగెడుతుంది. మాట వచ్చాకే దానికి తెలుస్తుంది, అప్పుడు నొక్కుతుంది. సాఫ్ట్‌వేర్ దగ్గర రికార్డింగు మొత్తం ముందే ఉంటుంది కదా. రాబోయే మాటని ముందే చూసి, రెప్పపాటు ముందు నుంచే తగ్గించడం మొదలెడుతుంది. అందుకే శుభ్రంగా ఉంటుంది." ఆ ఒక్క క్షణం అతని మొహంలో వెలుగొచ్చింది.

"అబ్బో! మరి మీ మామగారి ఆఖరి మాటలు దేంతో నొక్కినవి?"

వెలుగు ఆరిపోయింది. "పెట్టెతోనే. పెట్టె లేకుండా ఆయన దగ్గు కూడా రికార్డు చేయరు."

"పోలీసులకి అదే చెప్పావా?"

"అదే చెప్పాను."

"మంగళవారం నువ్వు ఇక్కడికి ఎన్నింటికొచ్చావు?"

"పదకొండున్నరకి. చెప్పాను కదా మేడమ్."

"అంతకుముందు?"

"ఇంట్లో."

నేను బల్ల మీద చెయ్యి ఆనించి లేచాను. కీబోర్డు పక్కన సోడాసీసా మూత ఒకటి ఉంది. అందులో నాలుగు మరలు. గుండ్రటి ఇత్తడి తలలు, డబ్బా మూతలో ఉన్నవాటికి కవల పిల్లలు. అతను చూడకుండా మూతని కొంగులో వేసుకున్నాను. దొంగతనమే. డిటెక్టివులకి ఆ మాత్రం చెల్లుతుంది.

తిరిగి మొదటి గదికొచ్చి కూతురి పక్కన కూర్చున్నాను. "అమ్మాయ్, చిన్నప్పట్నుంచి ఆ పెట్టె శబ్దం విన్నదానివి కదూ?"

"మూడో క్లాసు నుంచి ఇక్కడే హోంవర్కు చేసుకునేదాన్ని."

"అయితే ఇంకొక్కసారి విను. ఈసారి మీ నాన్న మాటలు వినకు. కష్టమే, అయినా వినకు. వెనకున్న ఏసీ రొద మాత్రం విను. మాట వచ్చినప్పుడు అది తగ్గుతుంది కదా, ఎప్పుడు తగ్గుతోందో చెప్పు."

కళ్లు మూసుకుని వింది. మళ్లీ పెట్టమంది. మూడోసారి వింటున్నప్పుడు ఆమె చూపుడువేలు బల్ల మీద కొట్టడం మొదలెట్టింది. వేలు పడ్డాక మాట వస్తోంది. ప్రతిసారీ వేలే ముందు.

"ముందే తగ్గుతోంది మేడమ్." కళ్లు తెరిచింది. "మాట రాకముందే తగ్గుతోంది. నాన్న పెట్టె ఇలా చెయ్యదు. మాట మొదలయ్యాకే దాని ముల్లు కదులుతుంది. ఇది... ఇది సాఫ్ట్‌వేర్. నాన్న కంప్యూటర్లో అసలా సాఫ్ట్‌వేరే లేదు."

"అయితే ఏంటి?" ఇన్‌స్పెక్టరు లేచి వచ్చాడు. "ఏసీ రొద మీద కేసు కట్టమంటారా? పై ఆఫీసరు నన్ను ఏసీ రిపేరుకి పంపిస్తాడు."

"కేసు కట్టద్దు. నాతో చివరి గది దాకా నడువు, చాలు. అక్కడ కూడా నీకు ఏమీ అర్థం కాకపోతే, నాలుగింటి దాకా ఆగక్కర్లేదు, నేనే సంతకం పెట్టిస్తాను."

ముగ్గురం వెళ్లాం. అల్లుడు మమ్మల్ని చూసి లేవబోయి, భార్య మొహం చూసి మళ్లీ కూర్చుండిపోయాడు. నేను సోడాసీసా మూతని అతని ముందు పెట్టాను.

"ఆ గదిలో పెట్టెకి ఎనిమిది కన్నాలు, నాలుగే మరలు. మిగతా నాలుగూ నీ బల్ల మీద. ఆ వీడ్కోలు పెట్టెలో చేసింది కాదు, నీ సాఫ్ట్‌వేర్‌తో చేసింది. అసలు గొంతు తొడుగు కింద అలాగే ఉంటుందని నువ్వే పాఠం చెప్పావు. ఏదీ, తొడుగు తియ్యి నాయనా."

అతను చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. అతని భార్యే వంగి మౌసు తీసుకుంది. మొగుడు ఫైళ్లు ఎక్కడ దాస్తాడో ఆమెకి తెలుసు. మంగళవారం తేదీతో ఒకటి దొరికింది. తెరిస్తే తెర మీద అయిదు ముక్కలు. అయిదు వాక్యాలకి అయిదు ముక్కలు, వరసగా అతికించి ఉన్నాయి. వాటి కింద, తొడుగు వేసిన నలభై ఒక్క సెకన్ల రికార్డింగు.

"ఎక్కణ్ణుంచి తెచ్చారండీ ఇవన్నీ? నాన్న ఒక్కసారిగా చెప్పలేదా?" అంది. ఆమె తొడుగు తీసేసి మీట నొక్కింది.

"నువ్వు జాగ్రత్త..." అన్నాడు మాస్టారు. ఆ మాట తోకన, ఇంతవరకు మాటతో పాటే నొక్కుకుపోయి మేమెవరం వినని చిన్న చప్పుడు. కిర్రుమని, ఏదో తలుపు తెరుచుకున్నట్టు.

ఆమె ఆ ముక్కనే మళ్లీ మోగించింది.

"అది మా బీరువా" అంది. "రోజూ తీస్తాను, ఆ చప్పుడు నాకు తెలుసు. మేడమ్, పోయినేడు మేం ఇల్లు మారాం. నాన్న పాత టేప్‌రికార్డరు బాగుచేసి తెచ్చి, పనిచేస్తోందో లేదో చూద్దామని ఆన్ చేసి పెట్టారు. ఇద్దరం బీరువా జరుపుతున్నాం. సగంలో ఆగిపోయి 'ఇంక నావల్ల కాదమ్మా, అలిసిపోయాను' అన్నారు. గోడకి గీత పడితే 'ఎవరి తప్పూ లేదు, బీరువాదే' అన్నారు. వేళ్లు నలుగుతాయి, నువ్వు జాగ్రత్త అన్నారు. బస్సు టైమైంది, నేను వెళ్తున్నా అన్నారు." ఊపిరి తీసుకుంది. "ఆ క్యాసెట్టు నేనే ఈయనకిచ్చాను. నాన్న పుట్టినరోజుకి రొద తీసేసి ఇద్దాం అని."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"చెప్పు" అన్నాను అల్లుడితో. గదమాయించడానికి నోరు రాలేదు.

"పొద్దున ఎనిమిదిన్నరకే వచ్చాను" అన్నాడు. మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. "ఆ వాల్వులు ఇప్పుడెవరూ తయారు చెయ్యట్లేదు. పెట్టె ఇంకో రెండేళ్లు ఉంటుందో లేదో. కొలతలు తీసి సాఫ్ట్‌వేర్‌లో దింపేస్తే ఆయన శబ్దం నిలబడుతుందని... పూర్తయ్యాక చూపిస్తే కోప్పడరనుకున్నా. రెండు గంటలు పెట్టె వేసే ఉంచాను. మెట్ల మీద ఆయన దగ్గు వినపడింది. ప్లగ్గు పీకి, నాలుగు మరలే బిగించి, ఈ గదిలోకి వచ్చేశాను. మరలు తక్కువున్నాయని ఆయన చూసుంటారు. ఎవడు విప్పాడా అని మూత తీశారు. రాత్రంతా ఆగి ఉన్న పెట్టె అనుకున్నారు. ప్లగ్గు తీసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది మేడమ్. నేను ఆపి పది నిమిషాలు కూడా కాలేదు."

"శబ్దం విని పరిగెత్తాను. పడిపోయున్నారు. నాడి చూశాను, తగల్లేదు. పోయారు. నావల్ల పోయారు. ఆ మాట ఈమెకెలా చెప్పను? ఇంటికెలా వెళ్లను? అప్పుడు... క్యాసెట్టు నా కంప్యూటర్లో ఉంది. పాత టేపులా వినపడకూడదు కదా. అందుకని స్పీకరు స్టూలు మీద పెట్టి, ఆ గదిలోనే మోగించి, ఆయన మైకులోనే పట్టాను. ఆ గది గాలి ఉంటే ఎవరికీ అనుమానం రాదని. ఆ మైకు లైను ఈ గదికీ ఉంది, ఆయన పక్కన ఉండలేక ఇక్కడ కూర్చుని రికార్డు చేశాను. తర్వాత వెళ్లి, పదకొండు పదికి దాన్ని ఆయన కంప్యూటర్లోకి ఎక్కించి, పెట్టె ప్లగ్గు మళ్లీ పెట్టాను."

"ఇవి ఎందుకు చెరపలేదు?" అడిగాడు ఇన్‌స్పెక్టరు. మంగళవారం నుంచి అతను అడిగిన మొదటి మంచి ప్రశ్న.

"ఆయన గొంతు. చెరపబోయాను. చెయ్యి రాలేదు."

కూతురు మొగుడికేసి చూస్తోంది. "మూడు రోజులు" అంది. "మూడు రోజులు నా పక్కన కూర్చున్నారు. నేనే చంపుకున్నానని గోడకి తల బాదుకుంటుంటే, నా తల పట్టుకుని ఓదార్చారు. నీ తప్పు కాదులే అన్నారు. మీకు తెలిసే అన్నారు కదా?"

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నాకు అతన్ని కొట్టాలనీ ఉంది, మంచినీళ్లివ్వాలనీ ఉంది. ఇలాంటి కేసులు నాకొద్దు భగవంతుడా అనుకున్నాను. హంతకుడు హంతకుడిలా ఉంటే ఎంత బాగుండును.

నా పని అయిపోయినట్టే. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది. ఆ మాటే చెప్పబోతూ ఆగాను. ఎందుకంటే ఆమె లెక్కల టీచరు. నేను నోట్‌బుక్కులో రాసుకున్నవన్నీ ఆమె కూడా చూసింది.

"స్పీకరుకి కరెంటు ఎక్కణ్ణుంచి తీశారు?" అంది. "ఆ గదిలో ప్లగ్గు లేదు."

"మామయ్యగారి గదిలోంచి. వైరు వేశాను."

"అయితే తలుపు పూర్తిగా పడదు."

"వైరంత సందు..." అతను చేతులు దించాడు. ఆమె ఏమడుగుతోందో అప్పటిదాకా అతనికి తట్టలేదు. "వద్దు" అన్నాడు. "వద్దు, దయచేసి వద్దు."

ఆమె తొడుగు మళ్లీ వేసింది. మెల్లని శబ్దాన్ని పైకి తెచ్చే మీటని చివరిదాకా లాగింది. నేను ఆపాల్సింది. ఆపలేదు.

ఏసీ రొద హోరుగా లేచింది. మాటలు నొక్కుకుపోయి, మాటల మధ్య ఉన్న ఖాళీలు ఉబ్బి పైకొచ్చాయి. అందులో ఒక శ్వాస. గరగరమంటూ లోపలికి, చాలాసేపు ఆగి, బయటికి. "అలిసిపోయాను" అన్నాడు స్పీకర్లోని మాస్టారు. తలుపు సందులోంచి నేల మీది మాస్టారు ఊపిరి పీల్చాడు. "ఎవరి తప్పూ లేదు" అన్నాడు. మళ్లీ పీల్చాడు. నలభై ఒక్క సెకన్లలో ఆరుసార్లు.

"టైమెంతుంది దాని మీద?" ఇన్‌స్పెక్టరు తెర మీదికి వంగాడు.

"పది యాభై ఎనిమిది" అన్నాను తెర చూసి. అంబులెన్సుకి ఫోన్ వెళ్లింది పదకొండు ముప్పై రెండుకి. ఫోన్ చేసిన తొమ్మిది నిమిషాల్లో అది వచ్చింది. ఆ లెక్క ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది.

అల్లుడు కుర్చీలోంచి నేల మీదికి జారిపోయాడు. "పోయారనుకున్నాను, ఒట్టు, పోయారనే అనుకున్నాను" అంటూ అదే మాట తిప్పి తిప్పి అంటున్నాడు. ఇన్‌స్పెక్టరు వంగి అతని జబ్బ పట్టుకున్నాడు.

కూతురు ఏడవలేదు. మొగుడి వైపు తిరిగింది. "ఈ ముక్కలే మోగించావా? క్యాసెట్టు మొత్తం మోగించావా?"

"ఏంటి?"

"ఆ గదిలో. స్పీకర్లో. నాన్న అక్కడ పడుకుని ఉండగా. ఈ అయిదు ముక్కలేనా, మొత్తమా?"

అతను కళ్లు తుడుచుకుని ఆలోచించాడు. "ముందు మొత్తం మోగించాను. మైకు ఎంత పట్టుకుంటోందో చూడ్డానికి. పదకొండు నిమిషాలు. అదీ రికార్డయింది."

"అందులో నేను నవ్వుతాను" అంది. "బీరువా గోడకి తగిలినప్పుడు ఇద్దరం నవ్వుతాం. 'మీరు ముసలివాళ్లైపోయారు నాన్నా' అంటాను. 'నువ్వుండగా నాకు ముసలితనమేంటే' అంటారు. అది మోగిందా?"

"మోగింది."

ఆమె అతను ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుని, ఆ పదకొండు నిమిషాల ఫైలు వెతికి తెర మీదికి తెచ్చింది. "మీరంతా బయటికెళ్లండి" అంది. "నేను నవ్వినప్పుడు నాన్న ఊపిరి ఉందో లేదో వినాలి."

"అమ్మా, అది సాక్ష్యం, ఆ కంప్యూటరు ఇప్పుడే సీలు చెయ్యాలి..." అని ఇన్‌స్పెక్టరు ఒక అడుగు ముందుకేశాడు. నేను అడ్డంగా నిలబడి, అతన్నీ అల్లుణ్ణీ వసారాలోకి నెట్టి, తలుపు వేశాను.

"పదకొండు నిమిషాలాగు తమ్ముడూ" అన్నాను.

అతను అల్లుడి చెయ్యి వదలకుండానే గోడకి చేరగిలబడి గడియారం చూసుకున్నాడు. లోపల్నుంచి ఏమీ వినపడలేదు. ఆ తలుపులు అలాంటివి.